రాలేదని కొట్టేసిన పేర్లు

12-11-1986, బుధవారం, ఖమ్మం

జూలూరుపాడు దాటాక అడవి అంచు ఊళ్లో ఈరోజు లింగయ్య ఇల్లు వెతికి పట్టుకున్నాను. తాటిచెట్టు మీద నుంచి పడి వెన్నుపాము దెబ్బతిన్న గీత కార్మికుడు. మా ఆసుపత్రిలో వైద్యమయ్యాక మూడు కార్డులు రాసినా ఆర్నెల్ల పరీక్షకు రాలేదని, వెన్ను దెబ్బల మీద నా పరిశోధనలోంచి అతని పేరు కొట్టేశాను.

వానాకాలంలోనే పోయాడట, మంచంలోనే ఉండి నడుము కింద పుళ్లు పడి.

భార్య ఎల్లమ్మ చూరులోంచి ఆ కార్డులు తీసి నా చేతికిచ్చింది. "మా ఇంట్ల సదివేటోళ్లు లేరు సారూ. ఏం రాసిన్రు దీంట్ల?"

మూడింటిలోనూ నా చేతిరాతే. తప్పక వచ్చి చూపించుకోవాలని. మూడోది అతను పోయాక వెళ్లింది.

"మంచం మీద మోసుకొస్తే బస్సుల ఎక్కియ్యరు గద సారూ. ఆయనకు కూసోనీకి వస్తే నేనే తోల్కొచ్చేదాన్ని," అంది. కోపంగా కూడా అనలేదు.

పరీక్షకు తిరిగొచ్చినవాళ్లలో చాలామంది కోలుకున్నారని మా పెద్ద డాక్టరుగారు అందరికీ చెప్పుకుంటున్నారు. కూర్చోగలిగినవాళ్లే కదా బస్సెక్కి వచ్చింది. మరి మా వైద్యం ఎవరిని బాగుచేసినట్టు...

సాయంత్రం ఆయనతో అదే అన్నాను. "రానివాళ్లను కలిపితే పట్టికంతా పాడవుతుందయ్యా, వదిలెయ్," అన్నారు.

ఇంటికొచ్చి జాబితా తీశాను. లింగయ్య పేరు ఎదుట "రాలేదు" కొట్టేసి "చనిపోయాడు" అని రాశాను. కింద ఇంకా పదకొండు "రాలేదు"లు ఉన్నాయి. అన్నీ నేను రాసినవే.