మేక గడ్డం బాగా పడిన ఫోటో

నాయినా,

నీ సంవత్సరీకానికి పటం కట్టించాలని, నీ ఒకే ఒక్క ఫోటో తాండూరు స్టూడియోకు తీసుకెళ్లాను. అనంతగిరిలో నువ్వు మేకలు కాస్తుంటే నా చిన్న డిజిటల్ కెమెరాతో తీసింది. నీ ముఖం మసకగా పడిందని అప్పుడే కసిరాను.

"జర కదలకుండ నిలవడరాదా?"

"కదిలిన గావచ్చు బిడ్డా," అన్నావు.

స్టూడియో ఆయన ఫోటోను పెద్దది చేశాడు. నీ వెనక మేక గడ్డంలో ప్రతి వెంట్రుకా కనబడింది.

"ఆయన కదల్లేదమ్మా. ఫోకస్ మేక మీద వడ్డది. మనిషి ముఖం మీద వెట్టి, బటన్ సగం నొక్కి జర ఆగాలె."

నేను ఆగలేదు, నాయినా.

ఆనాడు కసిరిన తర్వాత నేను కెమెరా తీసినప్పుడల్లా నువ్వు పక్కకు జరిగేవాడివి. "నేనొద్దు బిడ్డా, ఫోటో ఖరాబ్ జేస్త."