ఈసారి నిజంగానే సొరకాయ కోశాను

అక్కా,

నేను సొరకాయలు కోస్తానని నలుగురిలో అంటావుగా, ఈసారి నిజంగానే కోశాను. మేడ మీద ఎండిన కాయకి మూతి కోసి, గింజలు గీకేసి, చీపురు కర్ర దూర్చి, పాత సైకిల్ బ్రేకు తీగ బిగించాను. మీటితే తంబురాలా మోగుతోంది. "కూరైనా అయ్యేది" అని నీ మరదలు సణుగుతోంది. బుర్ర ఖాళీగా ఉంటేనే మోగుతుంది అక్కా, చిన్నప్పటి నుంచి నన్నన్న మాటలన్నీ వెనక్కి తీసుకో.

ఫోన్లో అరిచి చెబితే నీకు కోపం, అందుకే రాస్తున్నాను. చెవులు వినపడటం మానేశాక నువ్వు పాట మానేశావు. శ్రుతి తెలియకుండా పాడితే నవ్వుతారన్నావు. నిన్న నేను చెవుల్లో దూది కుక్కుకుని, ఈ బుర్రని గుండెకి ఆనించుకుని తీగ మీటాను. శ్రుతి నేరుగా ఎముకల్లోకి వచ్చేసింది! దూది సరిగ్గా పెట్టలేదేమో అనకు. నీ మరదలు అన్నానికి పిలిచిందట, అది మాత్రం వినపడలేదు.

ఆదివారం పట్టుకొస్తున్నాను. పాడమని బతిమాలను. ఊరికే గుండెకి ఆనించుకుని కూర్చో, చాలు. ఆ తర్వాత నోరు దానంతటదే తెరుచుకుంటే నాది పూచీ కాదు.

నీ తమ్ముడు