ఆ పురుగు కట్టింది నేను

ఏవండీ, అన్నం కుక్కర్‌లో ఉంది. చేప ఫ్రిజ్‌లో ఉంది, మీరే తోముకుని వండుకోండి. నేను నాతవరం మా అమ్మ దగ్గరికి వెళ్తున్నాను.

చేపలకి ఎరగా కోడి ఈకలతో గాలానికి ఉత్తుత్తి పురుగు కట్టడం వేళ్లు పొడుచుకుంటూ నేర్చుకున్నాను. "ఏటే ఇది, బొద్దింకేటి?" అని మీ స్నేహితుల ముందు నవ్వారు. నిన్న తాండవ రిజర్వాయర్‌లో చేప ఆ బొద్దింకకే పడింది. చేపతో మీకు నేను తీసిన ఫొటోనే మన ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టి, "నేను కట్టిన ఎర" అని రాసుకున్నారు.

అందుకే పొద్దున్నే నా రెండో ఫొటో కూడా అక్కడే పెట్టాను. చేప లాగిన లాగుడుకి మీరు బురదలో వెల్లకిలా పడ్డ ఫొటో. మీ అన్నయ్యగారు అప్పుడే ఫోన్ చేశారు. "ఏటమ్మా, మావోడు సేపని పట్టాడా, సేపే మావోణ్ణి పట్టిందా?" అన్నారు. మిగతావాళ్లకి మీరే చెప్పుకోండి.

సత్యశ్రీ

నడుం నొప్పి మందు టీవీ పక్కనుంది, రాసుకోండి. వచ్చే ఆదివారం గాలం నేను పడతాను, ఫొటోలు మీరు తీద్దురుగాని.