రాగికోట రాణి ముప్ఫై ఒకటో పేజీ విషయం

అందరూ కులాసాగా ఉన్నారా? ఉమామహేశ్, నీ కడుపులో మంట తగ్గిందా నాయనా? లేవగానే పరగడుపున టీ తాగకు. జ్యోతిర్మయీ, గన్నవరంలో చలి మొదలైంది, నీ మెడనొప్పి ఎలా ఉందో. అల్లుడు దుర్గాశంకర్ గారూ, మీ బీపీ మాత్ర మానలేదు కదా? పామర్రులో ఉన్న మా తోడికోడలు మల్లీశ్వరీ, స్నానాలగదిలో జారిపడ్డావని తెలిసింది. తుంటి ఎలా ఉంది? నేను బాగానే ఉన్నాను. పొద్దున ఎడమచెయ్యి తిమ్మిరెక్కింది, రాసేది కుడిచెయ్యి కాబట్టి సరిపోయింది.

వీలునామాలో క్షేమసమాచారాలు అడగరని పక్కింటి జాన్ పాల్ గారు చెప్పారు. ఆయన కోర్టు గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఎవరికి ఎలా ఉందో తెలియకుండా ఎవరికి ఏం రాస్తామండీ అన్నాను.

విజయవాడ గవర్నర్‌పేటలో కాపురముంటున్న, కీర్తిశేషులు కోటిలింగం గారి భార్య సీతారావమ్మ అను నేను, వయస్సు డెబ్బై నాలుగు, చదువు మూడో తరగతి, పూర్తి తెలివితో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా నా ఇష్టప్రకారం రాసుకున్న వీలునామా ఇది. తెలివి సరిగా ఉందనడానికి రుజువు, ఇది రాస్తూ గ్యాసు కట్టేశానో లేదోనని లేచి చూసి వచ్చాను. కట్టేసే ఉంది.

ఇల్లూ, చీరల కొట్టూ ఆయన ఉండగానే పిల్లల పేర పెట్టేశారు. నా పేర మిగిలింది మంచం కింద రేకుపెట్టె, అందులోని బొమ్మల కథల పుస్తకాలు, విడి పేజీలు. అవి నా స్వార్జితం. చీరల మడతల మధ్య పెట్టడానికి ఆయన పాత పత్రికలు కాటాకి కొనేవారు. ఆ కట్టలు కొట్లోకి వెళ్ళేలోగా బొమ్మల కథల పేజీలన్నీ నేను తీసి దాచుకునేదాన్ని. తర్వాత రోడ్డు పక్క పాత పుస్తకాల వాళ్ళ దగ్గర బేరమాడి కొన్నాను. మూడో తరగతిలో ఆగిన చదువు మళ్ళీ సాగింది బొమ్మల నోటి దగ్గర సున్నా చుట్టి రాసిన ఆ మాటలు కూడబలుక్కునే. అందుకని ఈ పెట్టెని చిత్తుకాగితాలు అన్నవాళ్ళకి ఇందులో భాగం లేదు.

1. పూర్తి పుస్తకాలన్నీ నా తదనంతరం నా కుమారుడు ఉమామహేశ్‌కి సర్వహక్కులతో చెందవలెను. రబ్బరుబ్యాండ్లు వేయకూడదు, కరిగి అంటుకుంటాయి. పెట్టెలో కలరా ఉండలు వేసి, వేపాకు కూడా వెయ్యాలి. పెట్టె నేల మీద పెట్టకూడదు. వరద ఈసారి ఇటు రాదని ఎవరు రాసిచ్చారు? దసరాల్లో సరస్వతీ పూజనాడు ఒక్కో పుస్తకానికీ పసుపూ కుంకుమా పెట్టాలి. మొన్న బెంగళూరు నుంచి వచ్చిన పాత బొమ్మల పేజీలు కొనే మనిషి బొట్టు చూసి, ‘‘మరకలున్నాయే’’ అన్నాడు. అతను వెళ్ళాక కూడా నాకు అన్నం సయించలేదు.

2. ఒక్కో పేజీలో అయిపోయే నవ్వుల బొమ్మలు నా కుమార్తె జ్యోతిర్మయికి. నీకు పెరుగన్నం పెట్టింది ఇవి చూపించే. పిల్లి పాలగిన్నెలో పడ్డ బొమ్మ మీద నీ మెతుకొకటి ఎండిపోయి ఉంది. శుభ్రం చేస్తున్నాననుకుని దాన్ని గీకెయ్యకు.

3. అల్లుడు గారికి, నా పుట్టినరోజని ఆయన ప్రేమగా లామినేషన్ చేయించి తెచ్చిన సముద్రపు దొంగల పేజీ. ఆయన మనసు బంగారం. పేజీ మాత్రం ఫ్రిజ్‌లో పెట్టిన చేపలా తయారైంది. మిగిలిన పెట్టె దగ్గరికి ఆయన ఒంటరిగా వెళ్ళకూడదని మర్యాదపూర్వకంగా రాస్తున్నాను.

4. జాన్ పాల్ గారి భార్య హన్నాకి దెయ్యాల పుస్తకం ఇద్దామనుకున్నాను. సాక్షి సంతకం పెట్టేవాళ్ళకి వీలునామాలో ఏమీ రాయవద్దన్నారు ఆయన. అందుకని నిన్ననే చేతికి ఇచ్చేశాను. రాత్రి లైటు వేసుకుని పడుకుందట.

5. ఇది అసలు సంగతి. అందరూ చదవండి.

‘రాగికోట రాణి’ అని వారానికొక పేజీ చొప్పున వచ్చిన బొమ్మల కథ, మొత్తం నలభై పేజీలు. వేసిన పత్రిక ఎప్పుడో మూతపడింది. నా దగ్గర ముప్ఫై ఒకటి తప్ప అన్నీ ఉన్నాయి. ముప్ఫయ్యో పేజీలో రాణిని స్తంభానికి కట్టేసి, మంత్రి మీసం మెలేసి కత్తి ఎత్తాడు. ముప్ఫై రెండులో రాణి సింహాసనం మీద కూర్చుని జామపండు తింటోంది, మంత్రి మీసం లేకుండా ఏనుగుని తోముతున్నాడు. మధ్యలో ఏం జరిగింది? మీసం ఎవరు తీశారు? నలభై ఏళ్ళుగా పప్పులో ఉప్పు వేశానో లేదో మర్చిపోయానేమో గానీ ఇది మర్చిపోలేదు.

ఆ పేజీ దొరికినప్పుడు దాని ముందువి ఇంకా చేతికి రాలేదు. వరసగానే చదవాలని దాన్ని చూడకుండా, ముడతలు పోవాలని బీరువాలో నా కొత్త మంగళగిరి చీర మడతలో పెట్టాను. మా మరిది గృహప్రవేశానికి మా ఆయన నాతో ఒక్క మాట చెప్పకుండా ఆ చీర తీసి మల్లీశ్వరికి పెట్టేశారు. చీర పోయినందుకు నేను బాధపడలేదు. కాగితం ఒక్కటి ఇమ్మని అడిగితే పంక్తిలో అందరి ముందూ, ‘‘చూశారా, అక్కయ్య చీర పెట్టి కాగితం వెనక్కి అడుగుతోంది’’ అంది. విస్తళ్ళ ముందున్న వాళ్ళంతా నవ్వారు. వడ్డించేవాడు కూడా నవ్వాడు. ఆ పేజీ నా చేతికి వచ్చేదాకా పామర్రులో అడుగుపెట్టనన్నాను.

ఆవిడ దాన్ని బట్టల అలమారాలో పరుచుకుంది. ఎవరు అడిగినా, ‘‘చూడాలనుంటే అక్కయ్యనే రమ్మను, అన్నం తిని చూసి వెళ్ళమను’’ అంటుంది. కిందటేడు అల్లుడు గారు ఫోన్‌లో ఫొటో పంపమని అడిగితే పంపింది, వెనకవైపుది. తలనూనె ప్రకటన. దాని కింద నమస్కారం బొమ్మ కూడా పెట్టింది. చీరతోపాటు మడతలోని కాగితం కూడా ఆవిడదే అయిపోయిందని జాన్ పాల్ గారి అభిప్రాయం. ఆయన అభిప్రాయం నేను అడగలేదు.

ఇప్పుడు బెంగళూరు మనిషి రాణి పేజీలు విడివిడిగా ఫ్రేములు కట్టి అమ్ముతానంటున్నాడు. ఒక పేజీ ఎలాగూ లేదు కాబట్టి కలిపి ఉంచడం దండగట. ఉమామహేశ్, నువ్వు అతనితో, ‘‘అమ్మ తర్వాత చూద్దాంలెండి’’ అన్నావు. నూనెలో పకోడీలు చిటపటలాడుతున్నా నాకు వినపడింది. నీ మీద కోపం లేదు. కానీ రాణిని స్తంభానికి కట్టిన పేజీ ఒకరి హాల్లో, జామపండు పేజీ ఇంకొకరి హోటల్లో వేలాడితే, కట్లు విప్పేవాళ్ళు ఎవరురా?

అందువల్ల ఆలోచించి రాస్తున్నాను. ఆ ఒక్క పేజీ ఇక్కడికి రాదు. మిగిలినవే అక్కడికి వెళ్ళాలి. రాగికోట రాణి ముప్ఫై తొమ్మిది పేజీలూ మా తోడికోడలు మల్లీశ్వరికి సర్వహక్కులతో చెందవలెను. ముప్ఫై ఒకటిని దాని చోట్లో పెట్టి ఒకే కట్టగా ఉంచాలి, విడదీసి ఎవరికీ అమ్మకూడదు, ఇవ్వకూడదు. నాకు ఆ పేజీ తప్ప కథంతా తెలుసు. పాపం ఆవిడకి ఆ పేజీ తప్ప కథేమీ తెలియదు. ఎవరు ఎవరిని ఎందుకు కట్టేశారో తెలియకుండా ఇన్నేళ్ళు దాని మీద జాకెట్లు పేర్చుకుంది.

6. దీన్ని అమలు జరిపే బాధ్యత జాన్ పాల్ గారిది. ఆయన మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకోవలెను.

ఇదివరకు నేను వేరే వీలునామా ఏదీ రాయలేదు. ఇందులోవి నా మాటలే.

తేదీ: 2025 నవంబరు 5, బుధవారం
విజయవాడ

(చేవ్రాలు) సీతారావమ్మ

సాక్షులు:
1. జాన్ పాల్
2. హన్నా

సంతకం కింద రాసింది చెల్లదని జాన్ పాల్ గారు అంటున్నారు. ఇది చెల్లక్కర్లేదు. మల్లీశ్వరీ, పైదంతా నేను పోయాక జరిగేది. నువ్వు జారిపడ్డావని ఫోనొచ్చినప్పటి నుంచి ఎవరు ముందో అన్న బెంగతో నాకు నిద్ర లేదు. ముందు నీ తుంటి గురించే అనుకున్నాను, పేజీ గురించి తర్వాతే. ఈ వీలునామా నకలుతోపాటు పేజీలు కూడా నేనే తెస్తున్నాను. మొదటి పేజీ నుంచి నీకు చదివి వినిపిస్తాను. ముప్ఫై దాకా వచ్చాక నువ్వు లేవకు, అలమారా ఎక్కడో చెబితే నేనే తీసుకుంటాను. అన్నం తింటాను. కారం తగ్గించి వండించు. బందరు బస్సుకి వస్తాను, నవంబరు తొమ్మిది, ఆదివారం.