ఫైనల్‌కు సంతకం

పార్సిప్పనీ, అమెరికా,
8 మే 2013.

చిరంజీవి సౌభాగ్యవతి రాగిణిని దీవించి అమ్మ వ్రాయునది.

ఇక్కడ నేనూ, నీ కూతురూ క్షేమం. మాట వరసకు రాసే క్షేమం కాదు, నిజంగానే క్షేమం. ఇంత నొక్కి ఎందుకు చెబుతున్నానో ముందు ముందు నీకే తెలుస్తుంది. అక్కడ నువ్వూ అల్లుడుగారూ వేళకు తిని, వేళకు పడుకుంటున్నారని తలుస్తాను. రోజూ ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాం, మళ్లీ ఈ ఉత్తరమేమిటి అంటావు. ఫోన్లో నేను ఒక మాట అనేలోపు నువ్వు నాలుగు ప్రశ్నలు వేస్తావు. పక్కనే సాన్వి నిలబడి ఉంటుంది. మన కింది ఫ్లోర్ రాజారావుగారు రేపు గుంటూరు బయలుదేరుతున్నారు, ఆయన చేతికిస్తున్నాను. కాఫీ కలుపుకుని, కూర్చుని చదువు. సగంలో ఫోన్ చేశావంటే నేను ఎత్తను.

నీ మెయిల్ మన పక్కింటి పద్మజ ప్రింట్ తీసి ఇచ్చింది. అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. బీపీ మాత్రలు ఇంకా నలభై రోజులకున్నాయి. తాలింపు వేసేముందు కిటికీ తీస్తున్నాను, పొగ అలారం ఇప్పుడు అరవడంలేదు. చెత్త గురువారం పొద్దున్నే పెడుతున్నాం. సాన్వికి లెక్కల్లో ఏ గ్రేడు వచ్చింది. రెండు వారాల్లో వచ్చేస్తామని వెళ్లి, వీసా స్టాంపింగ్ తేలక పదకొండు వారాలైందని నువ్వు కుమిలిపోవద్దు. పద్నాలుగేళ్ల పిల్లను, కారు నడపడం రాని ముసలమ్మ చేతిలో పెట్టి వచ్చానని ఏడుస్తున్నావట, అల్లుడుగారు చెప్పారు. ముసలమ్మ బాగానే నెట్టుకొస్తోంది.

ఇక చివరి ప్రశ్న. "సాయంత్రం అది అంత ఆలస్యంగా ఎందుకొస్తోందమ్మా, మ్యాథ్ క్లబ్ అంతసేపా?" అని రాశావు.

మ్యాథ్ క్లబ్ కాదు రాగిణీ. రగ్బీ.

కాఫీ గ్లాసు కింద పెట్టావా? సరే. నువ్వు వెళ్లేముందు "పళ్లు రాలగొట్టుకుంటావు, వద్దంటే వద్దు" అని దానికి చెప్పావని నాకు తెలుసు. మార్చిలో బట్టలు ఉతుకుతుంటే దాని మేజోళ్లలోంచి దోసెడు మట్టి రాలింది. లెక్కలు మట్టిలో చేస్తున్నారా అని అడిగాను. గుడ్లనీళ్లు కుక్కుకుని, "అమ్మమ్మా, ప్రాక్టీస్ మాత్రమే చేస్తున్నా. మ్యాచ్ ఆడాలంటే ఫామ్ మీద సైన్ కావాలి. అమ్మ చెయ్యదు" అంది. అలాగని ఫామ్ తెచ్చి నా ముందు పెట్టలేదు. లోపలికి పోయి పడుకుంది. తెచ్చి బతిమాలి ఉంటే నాలుగు తిట్టేదాన్నేమో.

మూడు రోజులు ఆలోచించాను. నాలుగో రోజు, నువ్వు వెళ్లేటప్పుడు నోటరీ చేయించి ఇచ్చిన కాగితం బయటికి తీశాను. స్కూలుకీ డాక్టరుకీ నీ బదులు నేను సంతకం పెట్టవచ్చని రాసిన కాగితం. నువ్వు జ్వరాలకీ దగ్గులకీ ఇచ్చావు, నేను రగ్బీకి వాడాను. ఫామ్ మీద నా సంతకం తెలుగులోనే పెట్టాను. వాళ్ల కోచ్ డెనీస్ అని ఒకావిడ, తాటిచెట్టంత మనిషి, ఆ సంతకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బ్యూటిఫుల్" అంది. పద్మజను ఏమీ అనకు. "మీరు ఫికర్ చెయ్యకుండ్రి ఆంటీ, నేను దింపుతా, నేనే తీస్కస్తా" అని దింపడం తప్ప ఆ పిల్లకు ఏ పాపమూ తెలియదు. నువ్వు ఒప్పుకున్నావనే అనుకుంటోంది.

ఇది మూడు రాష్ట్రాల అమ్మాయిల కప్పు. పదహారు జట్లు. ఒక్కసారి ఓడితే సంచి సర్దుకోవడమే, రెండో మాట లేదు. జట్టుకు ఏడుగురే, మన కబడ్డీ లాగే. పట్టుకోవడమూ, కింద పడెయ్యడమూ కూడా అంతే. బంతి ఒక్కటే ఎక్కువ. ఆ బంతి కూడా విడ్డూరం, చేత్తో ముందుకు విసరకూడదట. తాము ముందుకు పరుగెత్తాలి, బంతి మాత్రం వెనకవాళ్లకే ఇవ్వాలి. ఎవడు కనిపెట్టాడోగాని, బుర్ర ఉన్నవాడే.

మొదటి మ్యాచ్‌కు ముందు ఒక అఘాయిత్యం చేశాను. పళ్లకు పెట్టుకునే రబ్బరు గార్డు ఒకటుంటుంది. దాన్ని వేడినీళ్లలో ముంచి, మెత్తబడ్డాక కొరికితే పళ్ల అచ్చు పడుతుంది. "అమ్మమ్మా, బాయిల్ చెయ్యి" అని చెప్పి సాన్వి స్నానానికి వెళ్లింది. నేను గుడ్డు ఉడకబెట్టినట్టు పావుగంట ఉడకబెట్టాను. వచ్చేసరికి అది ముద్దయి గిన్నెకు అంటుకుపోయింది. అర నిమిషం చాలట! పద్మజ దారిలో ఇంకోటి కొనిచ్చింది. ఆ పాలగిన్నె ఇక పనికిరాదు, నీకు ముందే చెబుతున్నాను.

ఆ మ్యాచ్ పదిహేడు, పన్నెండుతో గెలిచారు. శాలువా కప్పుకుని మడత కుర్చీలో బుద్ధిగా కూర్చున్నాను. ఎదుటి జట్టు పిల్ల ఒకతి మన గీత వైపు దూసుకొస్తుంటే మాత్రం నా నోరు నా మాట వినలేదు. "పట్టు! పట్టవే! నడుం కాదు, కాళ్లు పట్టు!" అని లేచి అరిచాను. సాన్వి కాళ్లు పట్టింది. ఆ పిల్ల ధబ్బున పడింది. పక్కనున్న తల్లులంతా నా వైపు తిరిగి చూశారు. తర్వాతి మ్యాచ్‌కు డబ్బా నిండా పులిహోర పట్టుకెళ్లాను. ఇప్పుడు ఆ ఏడుగురు పిల్లలూ "పట్టు! పట్టు!" అనే అరుచుకుంటున్నారు. వాళ్ల నోట్లో ఆ మాట ఎలా నలుగుతోందో నువ్వు వినాలి.

పోయిన శనివారం సెమీఫైనల్. ఇదీ దాచను: సాన్వి కింది పెదవి చిట్లింది. ఐస్ పెట్టాం, కుట్లు పడలేదు, పళ్లన్నీ ఉన్నాయి, నేనే లెక్కపెట్టాను. ఇంకో నిమిషంలో ఆట అయిపోతుందనగా బంతి దీని చేతికొచ్చింది. ఇద్దరు మీద పడుతున్నా వదలకుండా వెళ్లి బంతితో సహా గీత అవతల పడింది, ఆ పాయింట్లతోనే గెలిచారు. లేచి మొదట నా వైపు చూసింది. పెదవి వాచి ఉంది, మొహమంతా మట్టి, అయినా నవ్వుతోంది. రాగిణీ, ఆ మొహం నేను ఇదివరకు చూశాను. సరిగ్గా అదే మొహం. పందొమ్మిది వందల ఎనభై ఆరులో, పదో తరగతిలో, జిల్లా కబడ్డీ జట్టుకు నిన్ను తీసుకున్నారని పరుగెత్తుకొచ్చావే, ఆ రోజు.

ఇప్పుడు రాయబోయేది ఇరవై ఏడేళ్లుగా గొంతులో ఉన్న మాట.

నెల్లూరు పోటీలకు వెళ్లడానికి తండ్రి సంతకం కావాలని డ్రిల్ టీచరు కాగితం ఇచ్చి పంపింది. నాలుగు రోజుల తర్వాత, "మీ నాన్న ఒప్పుకోలేదు" అని నీకు చెప్పాను. నువ్వు ఆయనతో నెలరోజులు మాట్లాడలేదు. నువ్వు లేకుండా వెళ్లిన జట్టు మొదటి మ్యాచ్‌లోనే రెండు పాయింట్లతో ఓడి వచ్చింది. నువ్వు గోడ వైపు తిరిగి పడుకున్నావు. ఆయన పోయిన ఏడు కూడా ఒకసారి అన్నావు, "నాన్న మంచివాడే, కాని నన్ను ఆడనివ్వలేదమ్మా" అని.

ఆయన ఒప్పుకున్నారు. కాగితం తెచ్చిన రోజే సంతకం పెట్టారు. దాచింది నేను. బియ్యం డబ్బాలో అడుగున పెట్టి, నువ్వే వెళ్లనన్నావని ఆయనతో అన్నాను. పదిహేనేళ్ల పిల్ల, పరాయి ఊరు, నిక్కరు వేసుకుని జనం మధ్య ఆడటం, నలుగురూ ఏమంటారో, మోకాలు విరిగితే రేపు సంబంధాలు ఎలా వస్తాయో అని భయం. పిరికితనం అను, మూర్ఖత్వం అను, ఏమన్నా పడతాను. పోటీలు అయిపోయాక ఆయనకు చెప్పేశాను. నువ్వు పడుకున్న వైపు ఒకసారి చూశారు. తర్వాత, "పోనీలే, ఆ కోపం నా మీదే ఉండనీ. తల్లి మీద కోపం పిల్ల మోయలేదు" అన్నారు. అన్నట్టే పోయేదాకా మోశారు. నేను నోరు విప్పలేదు. ఆయన ఉండగా చెప్పి ఉంటే నువ్వు ఆయనతో ఒక్క మంచి మాట అనేదానివి. నాకు నిద్ర పట్టనిది అక్కడే.

ఆ కాగితం పారెయ్యలేదు. నువ్వు ఇప్పుడు ఉన్న ఇంట్లోనే ఉంది. బీరువా కింది అరలో, ఆయన పెన్షన్ ఫైలు అడుగున. తీసి చూడు. నీలి సిరా, వంకర సంతకం, కింద తేదీ కూడా వేశారు.

ఇంకో కాగితం ఈ కవరులోనే పెట్టాను. ఫైనల్ పద్దెనిమిదో తారీఖు శనివారం, పెన్సిల్వేనియాలో. వేరే రాష్ట్రానికి బస్సులో వెళ్లి ఒక రాత్రి ఉండాలి కాబట్టి ప్రతివాళ్లూ కొత్త ఫామ్ ఇవ్వాలన్నారు. డెనీస్ నాకే పెన్ను ఇచ్చింది. నోటరీ కాగితమూ నా సంచిలోనే ఉంది. పెట్టలేదమ్మా. "దీని తల్లి పెట్టాలి" అన్నాను. ఇంటికొచ్చాక సాన్వి అడిగింది, "అమ్మ నో అంటే?" అని. నో అంటే ఆడవు, మీ అమ్మతో నెలరోజులు మాట్లాడకుండా ఉండను కూడా ఉండవు అన్నాను. ఏడ్చింది. ఏడ్చి, "ఓకే అమ్మమ్మా. కాని నేను ఎట్లా ఆడుతున్నానో అమ్మకి రాయి" అంది. అదే రాశాను.

పదిహేడో తారీఖు శుక్రవారం మధ్యాహ్నం దాకా గడువు. పెట్టాలనిపిస్తే పెట్టి, స్కాన్ చేసి పద్మజకు పంపు, తను ప్రింట్ తీస్తుంది. వద్దనిపిస్తే నాకు ఫోన్ చెయ్యి, దానికి నేను చెప్పుకుంటాను. నీ మీదకు రానివ్వను, మీ నాన్న మీదకూ నెట్టను. పులిహోరకు చింతపండు మాత్రం నానబెట్టే ఉంచుతాను. నా కూతురు నాకంటే ధైర్యం గలదని నా నమ్మకం.

ముందు బీరువా తెరువు. ఆయన సంతకం చూశాక పెన్ను తియ్యి.

ఇట్లు,
నీకు రావలసిన సంతకం ఇరవై ఏడేళ్లు ఆలస్యంగా అందజేస్తున్న
మీ అమ్మ,
రాజేశ్వరమ్మ