పైకే వెళ్ళిన గీతలు

అక్కా,

ఈ ఉదయం వానకు తడిసిన నా చెప్పుకు లేత జామాయిల్ ఆకొకటి అంటుకుని వచ్చింది. క్లాసులో కూడా ఆ వాసన వదల్లేదు.

నువ్వు పోయాక నీ జాగ్రఫీ పాఠాలు నేనే చెబుతున్నాను. ఇండియాలో, చైనాలో నాటిన అడవులు ఏటేటా ఎంత పెరిగాయో బోర్డు మీద రెండు గీతలు గీశాను. రెండూ పైకే వెళ్ళాయి.

"మిస్, మా నాన్నగారు కూడా జీడితోట కొట్టించి జామాయిల్ వేశారండి," అంది ఓ పిల్ల.

"అయితే మన గీత నీ వల్లే లేచిందే!" అని పక్కపిల్ల ఏడిపించింది. అందరూ నవ్వారు.

నువ్వయితే, కొట్టేసినవాటికి గీత ఏదని అడిగేదానివి. నేను మాత్రం బెల్లు మోగితే బోర్డు తుడిచేశాను.

నీ సమాధికి నీడనిచ్చే వేపచెట్లను పోయిన నెల చర్చివాళ్ళు కొట్టించారు. అక్కడా జామాయిలే నాటారు.