మీ నాయన ఎందుకు పోయినాడంటే

జమ్మలమడుగు,
బేస్తవారం.

చిరంజీవి నరసింహులుకు అమ్మ దీవించి రాస్తాండే జాబు.

ఈడ నేనూ, మీ అవ్వా, జీవాలూ బాగుండాం. నువ్వు అనంతపురం హాస్టల్లో వేళకు తింటాండావని తలుస్తాండా. వానల్లేక మేతకు కరువొచ్చింది, గొర్రెల్ని పెన్న దాటించి తోలుకపోతాండారు. మీ అవ్వకు కండ్ల ఆపరేషన్ అయింది. కండ్లు బాగా కనపడేసరికి ఇల్లంతా దుమ్మేనని నన్ను తిడతాంది.

పోయిన జాబులో రాసినావు, పేపర్లో మీ నాయన ఫొటో చూసినానని. బేస్‌బాల్ ఆటలో అంత పేరున్న మనిషి కన్నకొడుకును ఎందుకు వదిలేసినాడు, ప్రొద్దుటూరులో ఇంకో పెండ్లి ఎందుకు చేసుకున్నాడు అని అడిగినావు. ఫోన్లో చెప్దామంటే ఫోను నడింట్లో ఉంది, మీ మామ గురప్ప ఆడే కూర్చోనుంటాడు. అందుకే రాస్తాండా.

మీ నాయన జనార్దన్ జీవాలు కాసినోడు. దారి తప్పే మేక ముందర రాయి పడేట్టు విసిరి మళ్లించేటోడు. ప్రొద్దుటూరులో ఆటల సారు హబీబుల్లా ఆ విసురు చూసి చేతికి బంతి ఇచ్చినాడు. ఢిల్లీ దాకా పోయి ఆడొచ్చినాడు. ఆ ఆట ఏందో మనూర్లో ఎవరికీ తెలీదు. ఆ చేయి మాత్రం అందరికీ తెలుసు.

నువ్వు నడక నేర్చిన ఏడు ఎలక్షన్లొచ్చినాయి. ఊరు రెండు వర్గాలైంది. మీ మామ మీ నాయనను పిలిచి, "జనార్దనా, బాంబులు మేం చుట్టిస్తాం. నువ్వు విసిరితే చాలు" అన్నాడు.

"ఆ పని నాతో కాదు బావా. కావాలంటే ఈ చేయి నరుక్కో" అన్నాడు మీ నాయన.

కాదన్నోడు ఎదటి వర్గమోడేనని అనుకునే రోజులవి. ఇంటి చుట్టూ మనుషులు తిరగబట్టినారు.

మీ నాయన భయపడి పెండ్లాం బిడ్డను విడిచి పారిపోయినాడని కదా నువ్వు ఇన్నాళ్లూ విన్నావు. అది మీ మామ మాట. మా అన్న ఇంట్లోనే బతకాల్సిన దాన్నని నేను నోరు మెదపలేదు. నిజం ఏందంటే, పొమ్మన్నది నేను. ఆయప్ప నిన్ను ఒళ్లో పెట్టుకొని కదలకుండా కూర్చున్నాడు. "ఉంటే ఈ చేతిలో బాంబన్నా పెడతారు, ఈ చేయన్నా తీస్తారు. పో" అని బిడ్డను లాక్కున్నా. మనల్ని తీసుకపోవాలని మళ్లీ మళ్లీ మనుషుల్ని పంపినాడు. మా అన్న గడప దాటనీయలేదు. ఆయప్ప శానా ఏండ్లు ఒంటిగా వండుకొని తిన్యాడు. ఆఖరికి గాజులమ్మే ఖాజాబీతో నేనే చెప్పి పంపినా, ఇంకో పెండ్లి చేసుకోమని. ఆ పొద్దు నాకు అన్నం సయించలేదు.

మొన్న ఆదివారం మీ మామ ఇంట్లో లేనప్పుడు ఆయమ్మ వచ్చింది, మీ నాయన రెండో పెండ్లాం శేషమ్మ. ఒంటిగా బస్సులో వచ్చింది. చెంబుతో నీళ్లిచ్చినా. తాగి, నా చేయి పట్టుకునింది.

"అక్కా, మళ్లీ ఎలక్షన్లు వస్తాండాయి. నీ కొడుకును మా ఇంటికి పంపు. మా పాపకు అన్న అవుతాడు" అనింది.

ఆమె భయం ఉత్తది కాదు నాయనా. సెలవులకు నిన్ను పిలిపించమని మీ మామ రోజూ అంటాండాడు. నీదీ మీ నాయన చేయేనంట.

నువ్వు ఈడికి రావద్దు. సెలవులివ్వగానే నేరుగా ప్రొద్దుటూరు బస్సెక్కు. శేషమ్మను చిన్నమ్మా అని పిలువు. మీ నాయనకు మొదట మాట రాకపోతే నువ్వే పలకరించు. మా అన్న కోపం నేను పడతాలే.

మీ నాయన ఇప్పుడు ఆడపిల్లలకు గూడా ఆ ఆట నేర్పిస్తాండాడంట, ఎండాకాలంలో మ్యాచి ఉందంట. శేషమ్మ పోతాపోతా నన్నూ రమ్మనింది. ఆయప్పతో కాపురమైతే చేసినా గానీ, ఆ ఆట నేనొక్కసారి గూడా చూడలేదు. వస్తా. పక్కన కూర్చోని, ఎవరు గెలుస్తాండారో నువ్వే చెప్పాల నాకు.

ఇట్లు,
నీ రాక కాదు, నీ క్షేమం కోరే
మీ అమ్మ చౌడమ్మ